పాట మానేయమంటున్నారు, ఏం చేయమంటారు?

ప్రశ్న: నేను తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. చిన్నప్పుడు కొంత సంగీతం నేర్చుకున్నాను. స్వాతంత్ర్యోద్యమం, సాయుధ పోరాటం వంటి పాఠాలు వచ్చినప్పుడు ఆనాటి పాట ఒకటి పాడి, పిల్లల చేత పాడించి, ఆ ఊపులో పాఠంలోకి వెళ్తాను. పిల్లలకు చాలా ఇష్టం. కానీ ఈ సంవత్సరం ఒకదాని మీద ఒకటి గొడవలు వచ్చాయి. 'బండెనక బండి కట్టి' పాడించినందుకు ఒక తండ్రి వచ్చి, బడిలో మతాల మధ్య చిచ్చు పెడుతున్నారన్నారు. అదే వారంలో ఇంకొకరు వచ్చి, కమ్యూనిస్టు పాటలు నేర్పుతున్నారన్నారు. ప్రార్థన సమావేశంలో వందేమాతరం పాడకుండా నిలబడ్డాడని తొమ్మిదో తరగతి అబ్బాయిని మా తోటి ఉపాధ్యాయుడు అందరి ముందూ నిలదీశారు. ఇక వార్షికోత్సవంలో ఒక నాయకుడి మీద కట్టిన పాటకు పిల్లలతో నృత్యం చేయించాలని ఊళ్లో కొందరు పట్టుబడుతున్నారు. మా ప్రధానోపాధ్యాయులు మంచివారే గాని గొడవలంటే భయం. 'ఈ పాటలూ రాజకీయాలూ మనకెందుకమ్మా, పాఠం చెప్పి ఊరుకోండి' అంటున్నారు. మానేయమంటారా?
— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, మానేయకండి. పాటలో రాజకీయం ఉంటే బడిలో పాడకూడదు అన్నదే నియమమైతే, మీ ప్రధానోపాధ్యాయులు ముందుగా ఆపవలసింది మీ తరగతిని కాదు, ఉదయం ప్రార్థన సమావేశాన్ని. రోజు మొత్తం మీద రాజకీయం దట్టంగా ఉండేది ఆ పావుగంటలోనే. జనగణమన జాతీయ గీతమని, వందేమాతరానికి దానితో సమానమైన గౌరవం ఉంటుందని తేల్చింది 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో రాజేంద్రప్రసాద్ చేసిన ప్రకటన. 'భారతదేశం నా మాతృభూమి' అని పిల్లలు చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు రాశారు. ఆయన నల్లగొండ జిల్లావారు. మీ రాష్ట్ర గీతం సంగతి చెప్పనే అక్కర్లేదు. అందెశ్రీ రాసిన ఆ పాటను ఉద్యమమంతా పాడింది, రాష్ట్రం వచ్చాక పదేళ్ల పాటు అధికారిక హోదా మాత్రం రాలేదు. 2024లో వచ్చినప్పుడు, దానికి బాణీ కట్టే పని ఆంధ్ర ప్రాంతపు సంగీత దర్శకుడికి ఇవ్వడమేమిటని మరో వివాదం. ఇంతటి చరిత్ర ఉన్న పాటలు రోజూ పాడిస్తూ 'మనకు రాజకీయాలెందుకు' అనడం అలవాటు వల్ల వచ్చే నిశ్చింత, అంతే. (అందెశ్రీ బడి చదువు లేని మనిషి. పశువులు కాశారు, తాపీ పని చేశారు. ఆయన పాట ఇప్పుడు ప్రతి బడిలో మోగుతోంది. ఈ ముక్క పిల్లలకు చెప్పి చూడండి, వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది.)

అయితే మీ పద్ధతిలో ఒక్కటి మార్చాలి. మీరు మొదట పాడి, పిల్లల చేత పాడించి, తర్వాత పాఠంలోకి వెళ్తున్నానన్నారు. ఆ వరుసను తిరగేయండి. ముందు ప్రశ్న, తర్వాత గొంతు.

ఎందుకంటే నలభై గొంతులు ఒక్క శ్రుతిలో కలిసినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. అది సంగీతానికి సహజమైన బలం. ఆ పులకరింతలో ఉన్న పిల్లవాడు 'ఇది ఎవరి మీద రాశారు, ఎందుకు రాశారు' అని అడగడు. అడగాలని తోచదు కూడా. రాజులూ పార్టీలూ పాటల వెంట పడేది అందుకే. మీరు కూడా ఆ ఊపునే వాడుకుంటే, ఎంత మంచి పాట అయినా, వాళ్లు చేసే పనే మీరూ చేస్తున్నట్టవుతుంది. తరగతిలో పాట ఒక ఆధారం. అశోకుడి శాసనం చదివించినందుకు ఎవరూ మిమ్మల్ని మౌర్యుల ప్రచారకురాలు అనరు కదా. పాటను కూడా మొదట అలాగే బల్ల మీద పెట్టండి. సాహిత్యం నల్లబల్ల మీద రాయించండి, ఒక్కసారి వినిపించండి, పాడించకండి. ఎవరు పాడుతున్నారు, ఎవరితో పాడుతున్నారు, ఆ రోజు ఊళ్లో ఏం జరుగుతోంది అని అడగండి. మాటలు తేలిన తర్వాత, పీరియడ్ చివర, ఇష్టమైనవాళ్లు పాడుకుంటారు. అప్పుడు కూడా ఊపు తగ్గదు. పైగా ఇంటికి వెళ్లి 'ఈ రోజు ఏం చెప్పారు' అని అడిగితే పాటతో పాటు కథ కూడా చెబుతారు. ఫిర్యాదులు సగం తగ్గేది అక్కడే.

ఇప్పుడు ఆ తండ్రులిద్దరి సంగతి. ఒకే పాటకు రెండు వ్యతిరేకమైన ఫిర్యాదులు వచ్చాయంటే ఇద్దరూ పాట విన్నారు, కథ వినలేదన్నమాట. 'బండెనక బండి కట్టి', బండి యాదగిరి పేరుతో ప్రచారంలో ఉన్న పాట, నైజాం సర్కారును పేరు పెట్టి నిలదీస్తుంది, గోరీ కడతామంటుంది. పాట వరకే వింటే 'నైజాం' అనగానే పక్కింటి మనిషి గుర్తుకు రావడం ఈ రోజుల్లో వింత కాదు. మొదటి తండ్రి భయం అదే. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక హైదరాబాద్ రాష్ట్రంలో ముస్లింల మీద దాడులు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. అంతకు కొన్ని వారాల ముందే, 1948 ఆగస్టులో, రజాకార్లు బైరాన్‌పల్లి మీద పడి ఊరివాళ్లను చంపారు. ఈ రెండు జ్ఞాపకాల వారసులూ మీ తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఉండవచ్చు.

అందుకే ఆ పాటను ఒంటరిగా తరగతిలోకి తీసుకురావద్దు. దాని చుట్టూ మనుషులను కూర్చోబెట్టండి. పాటలో కోపమంతా సర్కారు మీద, దొరల మీద. ఆ దొరల్లో పేరుమోసిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది ఆయన మనుషులే. అంతకు ఆరేళ్ల ముందు, తన భూమి కోసం అదే దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న రైతు షేక్ బందగీ. రజాకార్ల మీద రాసినందుకు, హైదరాబాద్ భారత్‌లో కలవాలన్నందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్. సాయుధ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఒకరు మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ కవి, హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, మన వృత్తివాడే. ఈ నలుగురైదుగురి కథ చెప్పి, ఆ తర్వాత పాట పెట్టండి. ఎవరు ఎవరి వైపు ఉన్నారో పిల్లలే చెబుతారు. మొదటి తండ్రికి మీరు ఇవ్వవలసిన జవాబు కూడా ఇదే. ఒక రోజు వచ్చి వెనక కూర్చోమనండి.

రెండో తండ్రికి జవాబు ఇంకా తేలిక. ఆ పోరాటాన్ని నడిపింది కమ్యూనిస్టులూ ఆంధ్ర మహాసభా. ఆ మాట చెప్పకుండా పాఠం చెప్పడం కుదరదు. 1951 అక్టోబరులో దాన్ని విరమించింది కూడా కమ్యూనిస్టు పార్టీయే. పోలీసు చర్య తర్వాత కూడా కొనసాగించడం సరైనదేనా అని ఆ పార్టీలోనే వాదన నడిచింది. అది కూడా చెప్పండి. హైదరాబాద్ భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు సమైక్యత అంటారు, ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంటోంది. పిల్లలు ఈ ఫ్లెక్సీలన్నీ చూస్తూనే బడికి వస్తున్నారు. మీరు నోరు మూసుకున్నంత మాత్రాన వాళ్లకు తెలియకుండా పోదు. తెలిసేది ఫ్లెక్సీ చెప్పినంతే ఉంటుంది.

పాటలో ఏ ముక్క ఎవరికి గుచ్చుకుంటుందో మాత్రం ముందే చూసుకోండి. ఇది పెద్దపెద్ద వివాదాల్లోనే ఉండదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం చెప్పిన పద్యం మనందరికీ కంఠతా వచ్చు. భరతఖండం పాడి ఆవు, మనం లేగదూడలం, తెల్లవాళ్లు దూడల మూతులు కట్టి పాలు పితుకుతున్న గడుసరి గొల్లలు. పాఠ్యపుస్తకాల్లో తరాలుగా ఉంది. ఒక తరగతిలో నేను దాన్ని పాడి వివరిస్తుంటే, గొర్రెలూ బర్రెలూ కాచే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు లేచి 'మేమేం చేశాం సార్?' అన్నాడు. కొందరు నవ్వారు. వాడు నవ్వలేదు. ఆ పూట పాఠం తెల్లదొరల నుంచి అటు తిరిగింది. పాలు పితికేవాడు దొంగ ఎలా అయ్యాడు, దూడకు వదలకుండా పితికేది నిజంగా ఎవరు, కవి ఆ పోలిక ఎందుకు ఎంచుకున్నాడు, ఆ సభలో గొల్లవాళ్లు ఉన్నారా, ఉంటే ఎలా వింటారు. పద్యం గొప్పదనం అలాగే ఉంది. కానీ దేశం గురించి పాడే గొంతు ఊరిలో ఎవరి అరుగు మీది నుంచి వస్తోందో పిల్లలకు అర్థమైంది. ఇంతకన్నా మంచి పౌరశాస్త్రం పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదని నా అభిప్రాయం.

ఇక ఆ అబ్బాయి. మీరు వాడి పేరు రాయలేదు, మతం రాయలేదు. అయినా ఈ ఉత్తరం చదివినవాళ్లలో చాలామంది ఏదో ఒకటి ఊహించేసుకునే ఉంటారు. మీ తోటి ఉపాధ్యాయుడు కూడా వాడి నోటి కన్నా ముందు హాజరు పట్టీలో పేరే చూసి ఉంటారని నా అనుమానం. తొమ్మిదో తరగతి అన్నారు. సంగీతం తెలిసినవారు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ వయసు మగపిల్లలకు గొంతు విరుగుతుంది. నిన్నటి దాకా సన్నగా పాడినవాడు ఈ రోజు నోరు తెరిస్తే రెండు స్థాయిల మధ్య జారిపోతుంది, పక్కవాడు కిసుక్కుమంటాడు. ఆ ఏడాది పాడటం మానేసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు, వాళ్లకు దేశంతో తగవేమీ లేదు. ముందు అదేనేమో కనుక్కోండి. అదే అయితే వాడికి తాళం వేసే పని ఇవ్వండి, ఒకటి రెండేళ్లలో గొంతు కుదురుకుంటుంది.

అది కాక, ఇంట్లో వద్దన్నారనో, తన విశ్వాసానికి సరిపడదనో పాడలేదనుకుందాం. అప్పుడు మీ తోటి ఉపాధ్యాయుడికి చెప్పడానికి ఒక కేసు ఉంది. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవాళ్లు, బడిలో జనగణమన వచ్చినప్పుడు లేచి నిలబడేవారు, పాడేవారు కారు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఒక శాసనసభ్యుడు చూసి శాసనసభలో లేవనెత్తాడు. విచారణ జరిగింది, పిల్లలు క్రమశిక్షణ గలవారే, గీతాన్ని అగౌరవపరచలేదు అని తేలింది. అయినా బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. గౌరవంగా నిలబడితే చాలు, పాడకపోవడం అవమానం కాదు, పాడి తీరాలని ఏ చట్టమూ లేదు అని ఆ తీర్పు సారం. రాసినవారు జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి, మన హైకోర్టు నుంచి వెళ్లినవారే. మన సంప్రదాయం సహనాన్ని బోధిస్తుంది, మన తత్వం దాన్నే చెబుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అని ముగించారు. అది జనగణమన గురించి వచ్చిన తీర్పు. జాతీయ గీతం విషయంలోనే న్యాయస్థానం ఇంత ఓర్పు చూపినప్పుడు, ప్రార్థనలో నిలబడిన పిల్లవాడిని మైకు ముందుకు లాగే హక్కు మనకెక్కడిది?

వందేమాతరం విషయంలో ఈ పట్టుదల నాకు మరీ విచిత్రంగా తోస్తుంది, ముఖ్యంగా మన నేల మీద. 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును వందేమాతరం బిళ్ల పెట్టుకున్నందుకు వెళ్లగొట్టారు. 1938లో ఉస్మానియా హాస్టల్లో ఆ పాట పాడవద్దన్నందుకు విద్యార్థులు సమ్మె చేశారు. వందలమంది చదువు పోగొట్టుకొని నాగపూర్ విశ్వవిద్యాలయానికి వెళ్లి చేరారు. ఆ ఉద్యమంలో ఉన్న కుర్రవాళ్లలో ఒకరు, పి.వి. నరసింహారావు, తర్వాత ప్రధానమంత్రి అయ్యారు. అప్పుడు పాడినందుకు బడి నుంచి తరిమారు. ఇప్పుడు పాడనందుకు నిలదీస్తున్నారు. ఆ పాట చరిత్ర తెలిసినవాళ్లెవరూ రెండో పని చేయలేరు.

ఇంకొక మాట కూడా తెలిసి ఉండాలి. ఆ పాట మీద అభ్యంతరం నిన్నగాక మొన్న పుట్టింది కాదు. 1937 అక్టోబరులో కాంగ్రెస్ కార్యవర్గం కలకత్తాలో కూర్చుని, టాగోర్ సలహా కూడా తీసుకొని, జాతీయ సభల్లో మొదటి రెండు చరణాలు పాడితే చాలని నిర్ణయించింది. తర్వాతి చరణాల్లో దేశమాత దుర్గ రూపంలో వస్తుంది, అక్కడ కొందరికి ఇబ్బంది. ఆ నిర్ణయం తప్పని వాదించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. రెండు వాదనలూ పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేవే. మీ తోటి ఉపాధ్యాయుడికి నిజంగా ఆ పాట మీద ప్రేమ ఉంటే, ఆయననే పిలిచి ఒక పీరియడ్ ఆ చరిత్ర చెప్పమనండి. వ్యంగ్యంగా అనడం లేదు. పిల్లల మీద పడే ఆవేశాన్ని పాఠం మీదికి మళ్లిస్తే ఆయనా మంచి ఉపాధ్యాయుడవుతారు.

పిల్లలు ప్రశ్నించకూడని పాట అంటూ ఏదీ లేదని మీరు మొదట జనగణమనతోనే చూపించండి. ప్రశ్నలు అందులోనే ఉన్నాయి. 'సింధు' పాకిస్తాన్‌లో ఉంది కదా టీచర్, మనమెందుకు పాడుతున్నాం? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ మాట తీసేయాలన్న వ్యాజ్యాన్ని 2005లో కొట్టేశారు. పాట పాడింది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో, అప్పటికి విభజన ఎవరి ఊహలోనూ లేదు. ఇంకో ప్రశ్న తప్పక వస్తుంది. పంజాబు ఉంది, గుజరాత్ ఉంది, మరాఠా ఉంది, ఒరిస్సా వాళ్లకు ఉత్కళ ఉంది, మన పేరు ఏది? అప్పుడు 1911 నాటి పటం గోడకు తగిలించండి. తెలుగువాళ్లలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీలో, తక్కినవాళ్లలో చాలామంది నిజాం రాజ్యంలో. 'ద్రావిడ'లో మనల్ని వెతుక్కోవలసిందే. భాషాప్రయుక్త రాష్ట్రాల పాఠానికి ఇంత మంచి ప్రవేశద్వారం ఇంకోటి లేదు. మన పేరు లేకపోయినా మన ఊరు ఉంది. టాగోర్ 1919లో మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు అక్కడే ఆ పాటను ఇంగ్లిష్‌లోకి మార్చారు, ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రాశారు. ఐర్లండ్‌లో పుట్టిన ఆవిడ, బెంగాలీ కవి, రాయలసీమ ఊరు. ఇదంతా పిల్లలకు చెప్పిన మర్నాడు ఉదయం వాళ్లు పాడేటప్పుడు వినండి.

సంగీతం గురించి కూడా ఒక మాట, అది మీ సొత్తు కాబట్టి. చాలా బళ్లలో జనగణమన పాడు కావడానికి కారణం దేశభక్తి లోపం కాదు, శ్రుతి. ఆ బాణీ కింద మొదలై చివర్లో 'జయహే' దగ్గర తారస్థాయి షడ్జానికి వెళుతుంది. మైకు దగ్గరివాళ్లు 'జన'ను ఉత్సాహంగా పైన ఎత్తుకుంటారు. తీరా జయహేలు వచ్చేసరికి సగం మంది కీచుమంటారు, సగం మంది ఊరుకుంటారు. 52 సెకన్ల పాటను ముప్పావు నిమిషానికి తోసేసి బతికి బయటపడతారు. మీరు ముందు నిలబడి, చివర్లో వరసగా వచ్చే జయహేల్లో మొదటిదాన్ని మనసులో అనుకొని, అక్కడి నుంచి దిగివచ్చి 'జన' అందుకోండి. వారం రోజుల్లో తేడా వినిపిస్తుంది. ప్రధానోపాధ్యాయులు మీ పక్షాన నిలబడటానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. భయస్తులు వాదనలకు లొంగరు గాని, సర్పంచి వచ్చి 'పిల్లలు బాగా పాడారు' అంటే పొంగిపోతారు.

చివరిది, వార్షికోత్సవం. ఇక్కడ మాత్రం చర్చ అక్కర్లేదు, కుదరదని చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం పిల్లలను ఏ రూపంలోనూ ప్రచారానికి వాడకూడదని, పాటలూ పద్యాలూ కూడా అందులోకి వస్తాయని పార్టీలకు స్పష్టం చేసింది. ఎన్నికలు లేని రోజుల్లో కూడా ప్రభుత్వ ఉపాధ్యాయులు పార్టీ రాజకీయాల్లో పాల్గొనకూడదని ప్రవర్తనా నియమాలు ఉండనే ఉన్నాయి. అయితే ఊరి పెద్దల ముందు ఈ కాగితాలు విప్పితే పంతం పెరుగుతుంది. వాళ్లకు పాత సంగతి ఒకటి గుర్తు చేయండి. నిజాం కాలంలో హైదరాబాద్ రాష్ట్రపు బళ్లలో పిల్లలు ఉస్మాన్ అలీఖాన్‌ను దేవుడు చల్లగా చూడాలని ఉర్దూలో పాడేవారు. అదే సమయంలో మద్రాసు ప్రెసిడెన్సీ బళ్లలో మన కోస్తా, రాయలసీమ పిల్లలు ఇంగ్లండ్ రాజును దేవుడు కాపాడాలని పాడేవారు. బతికి ఉన్న పాలకుడి క్షేమం కోసం పిల్లల చేత పాడించడం అప్పటి పద్ధతి. దాన్ని వదిలించుకోవడానికి ఎంతమంది జైలుకు వెళ్లారో మీకు తెలుసు. తెల్లదొరతనం వద్దని పాట రాసినందుకు గరిమెళ్ల సత్యనారాయణ జైలులో పడ్డారు, చివరికి మద్రాసులో పేదరికంలో పోయారు. ఆ ఊరి పెద్దల్లో తొంభై దగ్గరపడినవారు ఎవరైనా ఉంటే, చిన్నప్పుడు విన్న నిజాం పాటను ఒక్క చరణం పాడించుకోండి. తక్కినది వాళ్లే చెబుతారు.

ఈ నియమం ఒక నాయకుడికని కాదు, ఒక పార్టీకని కాదు. 'బడి వేదిక మీద బతికి ఉన్న రాజకీయ నాయకుల మీద పాటలు, పార్టీ రంగులు, గుర్తులు ఉండవు' అని బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చేత తీర్మానం రాయించండి. సంతకాలు మీవి కాక కమిటీవి ఉండాలి, అప్పుడు ప్రధానోపాధ్యాయులకు వెన్ను ఉంటుంది. ఈ ఏడాది ఒకరికి కుదరదన్నది వచ్చే ఏడాది ఇంకొకరికి కుదిరిందంటే తీర్మానం చింపేసినట్టే, అది మీరు కనిపెట్టుకొని ఉండాలి. పట్టుబట్టినవాళ్లను ఉత్త చేతులతో పంపవద్దు. నాయకుడిని పిలవండి, శాలువా కప్పండి, బహుమతులు ఆయన చేత ఇప్పించండి, బడికి ప్రహరీ గోడో తాగునీటి పంపో అడగండి. పాట ఒక్కటే అడగవద్దనండి. ఖాళీ అయిన ఆ పది నిమిషాలకు ఊళ్లోని నాట్ల పాటలూ, బతుకమ్మ పాటలూ, ఒగ్గు కథలో ఒక ఘట్టమూ పిల్లలు ఇంటింటికీ వెళ్లి సేకరించి పాడేటట్టు చేయండి. ఆ పాటల్లో కూడా దొర ఉంటాడు, పటేల్ ఉంటాడు, పన్నులుంటాయి. అమ్మమ్మ నోట వచ్చిన పాట మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు, చూడండి.

ఎవరికి ఓటేస్తారని పిల్లలు మిమ్మల్ని అడుగుతారు. చెప్పకండి. ఎందుకు చెప్పరో మాత్రం చెప్పండి: రహస్య ఓటు కూడా పాఠంలో ఉన్నదే.

కమిటీ తీర్మానానికి ఒక నెల పట్టవచ్చు, తండ్రులు తరగతికి రావడానికి ఇంకొంత పట్టవచ్చు. ఆ అబ్బాయి విషయం మాత్రం అన్నాళ్లు ఆపకండి. రేపు ఉదయం సమావేశానికి ముందే వాడిని పక్కకు పిలిచి, నిలబడితే చాలని, ఎవరూ అడగరని చెప్పండి. మీ తోటి ఉపాధ్యాయుడితో ఆ తర్వాత, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు మాట్లాడండి.